రఫీక్ భాయ్ నమాజుకు వెళ్ళిన ఈద్

అది 2024 రంజాన్ నెల. ఖతర్‌లోని మెసయీద్‌లో ఒక ఫ్యాక్టరీ వాళ్ళ లేబర్ క్యాంప్ మెస్‌లో నేను బ్రేక్‌ఫాస్ట్ కుక్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మా ఊళ్ళో అడిగితే మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా మా మేనత్త "ఏదైతేంది బిడ్డా, అదీ దుబాయే గద" అని తేల్చేస్తుంది. వంటవాడినంటే అందరూ హోటల్ వంట ఊహించుకుంటారు. క్యాంప్ వంట తీరు వేరు. హోటల్‌కు మనుషులు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. మా దగ్గర షిఫ్ట్ బస్సు కదిలేలోపు వందలమంది ఒక్కసారే ప్లేట్లు పట్టుకుని నిలబడతారు. మనం ఆలస్యం చేస్తే వాళ్ళు ఆకలి కడుపుతో ఎండలోకి పోతారు. అందుకే మా కిచెన్‌లో రుచి కంటే ముందు టైం గురించి మాట్లాడుకుంటాం.

మా మెస్‌లో పరాటాలు రఫీక్ భాయ్ చేసేవాడు. బంగ్లాదేశ్ మనిషి, నాకంటే బాగా పెద్దవాడు, నోట్లో నాలుక లేనివాడు. నేను ఆయనకు పూర్తి విరుద్ధం. చిన్నదానికి కూడా గయ్యిమంటానని కిచెన్‌లో నాకు పేరు. అయినా మా ఇద్దరికీ కుదిరింది. నేపాల్, గోవా, బంగ్లాదేశ్, తెలంగాణ అన్నీ కలిసిన కిచెన్ కాబట్టి మా మాటలన్నీ హిందీలోనే నడిచేవి. వాటిని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఏటా దసరా నాడు నేను అడగకముందే నా పొద్దుటి డ్యూటీ తన మీద వేసుకుని, "వెళ్ళు గంగా భాయ్, మీవాళ్ళతో గడిపిరా" అని నన్ను దోహాకు తోలేసేవాడు. గంగాధర్ అనే నా పేరును ఆయన ఎప్పుడూ పూర్తిగా పలకలేదు. ఆయన అలా పంపడం వల్లే ఈ క్యాంప్‌లో చేరాక నాకు ఒక్క దసరా కూడా తప్పిపోలేదు.

ఆయనకు మాత్రం ఈద్ లేదు. నిజంగానే లేదు. ఖతర్‌లో ఈద్ నమాజ్ పొద్దు పొడిచిన కాసేపటికే అయిపోతుంది. నెలంతా ఉపవాసాలున్నవాళ్ళు కొత్త బట్టలు కట్టుకుని, నమాజ్ ముగించుకుని, ఒకరినొకరు హత్తుకుంటూ నేరుగా మెస్‌కే వస్తారు. వాళ్ళు వచ్చేసరికి పరాటా వేడిగా ఉండాలంటే, నమాజ్ నడుస్తున్నప్పుడే ఎవరో ఒకరు పెనం ముందు ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ రఫీక్ భాయే. రోజువారీ నమాజులంటే కిచెన్ మూలన గుడ్డ పరుచుకుని ఒక్కడే చదువుకోవచ్చు. ఈద్ నమాజ్ అలా కుదరదు, అందరితో కలిసి వరసలో నిలబడి చదవాలి. నమాజ్ జరిగే గ్రౌండ్ నుంచి మైకులో అల్లాహు అక్బర్ అనే తక్బీర్ వినబడుతుంటే ఆయన పెదవులు కదిలేవి, చేతులు మాత్రం పిండిలోనే ఉండేవి. నేను అక్కడ చేరినప్పటి నుంచి ప్రతి ఈద్‌కూ అదే చూశాను.

ఆ రంజాన్ మొదట్లో తెలిసింది, ఆయన ఫైనల్ ఎగ్జిట్ తీసుకుంటున్నాడని. అంటే వీసా రద్దు చేయించుకుని ఇక రాకుండా వెళ్ళిపోవడం. టికెట్ ఈద్ తర్వాతి వారానికి. ఖతర్‌లో ఇన్నేళ్ళు ఉండి ఒక్క ఈద్ నమాజ్ కూడా చదవకుండా విమానం ఎక్కబోతున్నాడన్నమాట. నాకు ఆ సంగతి మింగుడుపడలేదు. "భాయ్, ఈసారి నువ్వు నమాజుకు పోవాల్సిందే" అన్నాను. ఆయన పిండి ముద్ద తిప్పుతూ, "మరి పరాటా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే నా పాత ఉద్యోగం గుర్తొచ్చింది. మెసయీద్‌కు రాకముందు దోహాలో ఒక హోటల్లో చేశాను. అక్కడ క్రిస్మస్ పొద్దుటికి బేక్డ్ ఫ్రెంచ్ టోస్ట్ క్యాసరోల్ చేసేవాళ్ళం. పేరు పెద్దదే గాని పని తేలిక. గుడ్లు, పాలు, చక్కెర కలిపి గిలక్కొడతాం, దాన్ని కస్టర్డ్ అంటాం. మామూలు ఫ్రెంచ్ టోస్ట్‌కు బ్రెడ్డును అందులో ముంచి ఒక్కొక్కటీ పెనం మీద కాల్చాలి, అంటే మళ్ళీ పరాటా కష్టమే. ఈ పద్ధతిలో బ్రెడ్ ముక్కలను పెద్ద ట్రేలో సర్ది, మీద కస్టర్డ్ పోసి, మూతపెట్టి ముందురోజే చిల్లర్‌లో పెట్టేస్తాం. చిల్లర్ అంటే మనిషి నడిచి లోపలికి వెళ్ళేంత ఫ్రిజ్ గది. రాత్రంతా బ్రెడ్ ఆ పాలు తాగుతుంది. పొద్దున ట్రేలు ఓవెన్‌లోకి తోస్తే చాలు, పెనం ముందు ఎవరూ నిలబడక్కర్లేదు.

మా చెఫ్ గోవా ఆయన, పేరు లోబో. కిచెన్‌కు ఆయనే పెద్ద. విషయం చెప్తే చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "నువ్వు, బిష్ణు ఇద్దరే ఉంటారు. చేయగలరా?" అన్నాడు. బిష్ణు నేపాలీ కుక్, నాకు జోడీ. "చేస్తాం చెఫ్" అన్నాను. "సరే. కానీ నమాజ్ నుంచి వచ్చినవాళ్ళు ఖాళీ ప్లేట్లతో నిలబడ్డారో, ఇకమీదట పండగ పొద్దున ఎవరికైనా సెలవు ఇమ్మని నా దగ్గరికి రాకు" అన్నాడు. రఫీక్ భాయ్ ఒక్కడి నమాజ్ కాస్తా, ఆ మాటతో మిగతా కుక్‌లందరి పండగలూ అయి కూర్చుంది.

మొదటిసారి చేసిన ట్రే మట్టికొట్టుకుపోయింది. కంపెనీకి రోజూ తాజా బ్రెడ్ వస్తుంది. దాన్నే నానబెట్టాను. రంజాన్ నెలలో మా కిచెన్‌కు నాలుక నేనూ బిష్ణూ, మిగతా కుక్‌లంతా ఉపవాసం కాబట్టి ఉప్పూ కారం చూడలేరు. ఇద్దరం రుచి చూసి మొహమొహాలు చూసుకున్నాం. అయినా ఆశ చావక, మధ్యాహ్నం భోజనానికి వచ్చిన రాజన్నకు పెట్టాను. రాజన్న మా కోరుట్ల వైపు మనిషి, ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు.

"గిదేందే గంగన్నా, జావ కాసి కాల్చినవా?" అన్నాడు మొదటి ముద్దకే.

"బ్రెడ్డు జర ఎక్కువ నానింది."

"మంచిగ పరాటాలు పెట్టక మాకీ తిప్పలెందుకే? పండుగపూట గిది పెడితే మైదానంకెల్లి అటే రూముల్లకు పోతరు మందంతా."

తిట్టినా నిజమే చెప్పాడు. ఈ వంటకు ఆరిపోయిన బ్రెడ్ కావాలి. హోటల్లో మిగిలిన బ్రెడ్ ఎప్పుడూ ఉండేది. మా మెస్‌లో తేదీ దాటిన బ్రెడ్ ఉంచడానికి వీల్లేదు, ఏరోజుకారోజు పారేయాల్సిందే. రెండోసారి మెత్తటి బ్రెడ్ మానేసి సమూన్ తెప్పించాను. సమూన్ అంటే ఇక్కడి బేకరీల్లో దొరికే పొడుగాటి, కాస్త గట్టి రొట్టె. దాన్ని మందంగా కోసి, సన్నటి వేడి మీద ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టాను. దాల్చినచెక్క బదులు పాలల్లో యాలకులు వేసి కాచాను, పైన ఖర్జూరం ముక్కలు చల్లాను. ఈసారి రాజన్న ప్లేటు ఖాళీ చేసి, "ఇంకింత ఉన్నదా?" అన్నాడు. ఆ మాట విని బిష్ణు నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. క్రిస్మస్ ఏ రోజో ఏడాది ముందే తెలుస్తుంది. ఈద్ అలా కాదు. ఇరవై తొమ్మిదో ఉపవాసం సాయంత్రం చాంద్, అంటే నెలవంక కనబడితే మర్నాడు ఈద్. కనబడకపోతే ఇంకో ఉపవాసం. "ముందురోజే చేసిపెట్టుకోవాలి" అంటే ఏ రోజుకు ముందు? ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం చెఫ్ తొందరపెట్టాడు.

"సాయంత్రం ఇఫ్తార్ రద్దీలో నీకు చేతులు ఆడవు. ఇప్పుడే పోసెయ్, రేపే ఈద్ అని అందరూ అంటున్నారు."

కాచిన పాలు చల్లారి ఉన్నాయి, గుడ్ల ట్రేలు బల్ల మీదున్నాయి. నాకూ అదే మంచిదనిపించి గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. పక్క బల్ల దగ్గర సమోసాలు మడుస్తున్న రఫీక్ భాయ్ తలెత్తాడు. "చాంద్ రాకముందే గుడ్డు పగలగొట్టకు భాయ్. కనబడలేదనుకో, రేపు పొద్దున ఎవరు తింటారు?" అన్నాడు. మర్నాడు కూడా ఉపవాసమైతే ఆ ట్రేలు ఇంకో రోజంతా నానాలి. నా మొదటి జావ నాకు బాగా గుర్తుంది. చెఫ్‌తో కాసేపు వాదించుకుని మధ్యే మార్గం పట్టాం. బ్రెడ్ ముక్కలు పొడిగానే ట్రేలలో సర్దాం, పాలు చిల్లర్‌లో పెట్టాం, గుడ్లు ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం మెస్ హాల్లో అందరూ టీవీ ముందే. నేనూ చేతులు తుడుచుకుంటూ వెళ్ళి నిలబడ్డాను. నెలవంక కనబడలేదని చెప్పారు. హాలంతా ఒక్కసారి నిట్టూర్చి, మళ్ళీ నవ్వుకుని, సహరీకి, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనానికి, ఏం పెడతారని మమ్మల్ని అడగడం మొదలుపెట్టారు. చెఫ్ నా దగ్గరకొచ్చి ఒక ఖర్జూరం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆయన దగ్గర ఉండదు.

మర్నాడు నిశ్చింతగా కస్టర్డ్ కలిపాం. ఇంకోరోజు ఆరిన బ్రెడ్ కాబట్టి పాలు కాస్త ఎక్కువ పట్టాయి. ఈద్ నాడు తెల్లవారుతుండగా ట్రేలు తీయడానికి చిల్లర్‌లోకి వెళ్తే, కింది అరలో మూతపెట్టిన టబ్ కనబడింది. తీసి చూస్తే పరాటా పిండి. వెనక్కి తిరిగితే రఫీక్ భాయ్ తెల్ల కోటు, ఏప్రన్ వేసుకుని చిల్లర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏంది భాయ్ ఇది? నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. ఓవెన్ మీదే లేదు."

"నెల రోజుల నుంచి నేను పడ్డ కష్టం దేనికి మరి? నువ్వు ఇక్కడే నిలబడేదానికా?"

నా గొంతు పెద్దదే. బిష్ణు ట్రే పట్టుకుని ఆగిపోయాడు. రఫీక్ భాయ్ తల దించుకుని నెమ్మదిగా అన్నాడు, "భయంగా ఉంది గంగా భాయ్. అక్కడ ఎవరి పక్కన నిలబడాలో నాకు తెలియదు. ఇక్కడైతే నా జాగా నాకు తెలుసు."

నా కోపం అంతా ఎటుపోయిందో. దగ్గరకెళ్ళి ఆయన ఏప్రన్ ముడి నేనే విప్పాను. "ఆ గ్రౌండ్‌లో ఉన్నవాళ్ళంతా నీ చేతి పరాటా తిన్నవాళ్ళే. ఎవరి పక్కన నిలబడ్డా జరిగి చోటిస్తారు. యల్లా, నడువు" అన్నాను. లాకర్ తెరిస్తే లోపల ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా మడత నలగకుండా ఉంది. పోవాలని ఆయనకూ ఉందన్నమాట. కుర్తా వేసుకుని, ఇంకోసారి ఓవెన్ వైపు అనుమానంగా చూసి, వెళ్ళాడు.

ఆయన అనుమానం వట్టిది కాదు. రాత్రంతా చిల్లర్‌లో ఉన్న ట్రేలు మంచుగడ్డల్లా ఉన్నాయి. పైన బంగారు రంగు వచ్చినా, ప్రోబ్ గుచ్చి చూస్తే మధ్యలో వేడి చాలలేదు. ప్రోబ్ అంటే వంటలోకి గుచ్చే థర్మామీటర్. గుడ్లున్న వంట మధ్యదాకా కాలకుండా వడ్డించకూడదు, అందులో రాజీ లేదు. మైకులో నమాజ్ చివర చేసే ప్రార్థన, దువా, ముగిసింది. బయట నవ్వులూ, అడుగుల చప్పుడూ. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "చెఫ్, ఇంకొంచెం సేపు పడుతుంది" అన్నాను. ఇక అయిపోయింది, తిట్లు మొదలవుతాయనుకున్నాను.

లోబో చెఫ్ టోపీ సర్దుకుని తలుపు దగ్గరకు నడిచాడు. వచ్చిన ప్రతి మనిషినీ పట్టుకుని ఈద్ ముబారక్ అంటూ ఆలింగనం మొదలుపెట్టాడు. ఎవరినీ వదల్లేదు. కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు, ఇంట్లోవాళ్ళంతా కులాసానా అని పలకరింపు. ఆయన్ను కోపంలో తప్ప చూడనివాళ్ళు ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వుతూ వరసలో నిలబడ్డారు, చెఫ్ కౌగిలి కోసం. ఆ వరస కౌంటర్ దాకా వచ్చేసరికి ప్రోబ్ సరైన అంకె చూపించింది. మొదటి ట్రే పొగలు కక్కుతూ బయటికొచ్చింది. నేను చెఫ్‌కు ఆ తర్వాత చాలాసార్లు థాంక్స్ చెప్పాను, ఆయన ప్రతిసారీ దేనికన్నట్టు మొహం పెడతాడు.

వడ్డన సగంలో రఫీక్ భాయ్ వచ్చాడు. ఆయన భుజం మీద ఒకడి చేయి, చేతిలో ఇంకొకడి చేయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అలవాటుకొద్దీ కౌంటర్ పక్క నుంచి లోపలికి రాబోతే వరసలో ఉన్నవాళ్ళు, "భాయ్, ఈరోజు ఇటు" అని ఆయన్ను లాగి తమ ముందు నిలబెట్టారు. ప్లేటు రెండు చేతులతో పట్టుకున్నాడు. ట్రే మూలన బాగా కాలిన ముక్క కోసి ఆయనకు పెట్టాను. హాల్ మధ్యలో కూర్చుని, అందరి మధ్యా నెమ్మదిగా తిన్నాడు.

తర్వాత కౌంటర్ దగ్గరకొచ్చి అన్నాడు, "పెనం గోడవైపు ఉంటుంది కదా గంగా భాయ్. వీళ్ళు తినేటప్పుడు మొహాలు ఇలా ఉంటాయని ఇన్నేళ్ళూ నాకు తెలియదు."

నేను ట్రే వైపు తిరిగి గరిటె వెతుక్కున్నాను, చేతిలోనే ఉన్నా.

ముందురోజే చేసి పెట్టుకునే వంట తినేవాళ్ళ సౌకర్యం కోసమని నాకు హోటల్లో నేర్పారు. నిజానికి అది వండేవాడి కోసం. ఈ సంగతి నాకు నేర్పినందుకు రఫీక్ భాయ్‌కి రుణపడి ఉన్నాను. ఇప్పుడు మా మెస్‌లో ఒకటే పద్ధతి. పండుగ ఎవరిదైతే వాళ్ళు ఆ పొద్దున కౌంటర్‌కు వంటవైపు నిలబడరు.