కన్యాదానానికి ముందు తీసిన ఫోటో

హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే పక్కనున్న ఒక ఫంక్షన్ హాల్లో, మాఘమాసంలో, ఒక పెళ్ళి ఒప్పుకున్నాను. నేను పని మానేయడానికి రెండేళ్ళ ముందు సంగతి. ముహూర్తం పొద్దున పదకొండుకి. పెళ్ళికూతురి తండ్రి రామ్మోహనరావు గారు కైకలూరు వైపు చేపల చెరువులకు మేత సరఫరా చేసే వ్యాపారి. ఆయన అన్నగారు సాంబశివరావు గారి ఇద్దరు కొడుకుల పెళ్ళిళ్ళూ నేనే తీశాను కాబట్టి ఈసారి బేరాలు, నమూనా ఆల్బంలు చూడటాలు ఏమీ జరగలేదు. ‘జోసెఫ్ గారు వస్తారు’ అని వాళ్ళలో వాళ్ళే అనేసుకుని, తర్వాత నాకు తెలియజేశారు.

ఈ రోజుల్లో పెళ్ళి ఫోటోలు ఒక్కడి పని కాదు. పీటల ముందు నిలబడి తంతు మొత్తాన్ని వరసగా తీసేవాణ్ణి ట్రెడిషనల్ అంటారు. దూరం నుంచి, ఎదుటివాళ్ళకు తెలియకుండా ముఖాలు పట్టేవాడు క్యాండిడ్. వీడియోకి ఇద్దరు, డ్రోన్‌కి ఒకడు, హాల్లో పెద్ద తెరల మీదికి బొమ్మ పంపే లైవ్ మిక్సింగ్‌కి ఇంకొకడు ఉంటారు. కుర్రాళ్ళందరూ క్యాండిడ్ కోసం కొట్టుకుంటారు. నేను మాత్రం బృందానికి పెద్దనై ఉండి కూడా చివరిదాకా ట్రెడిషనలే తీశాను. పేరు ఎప్పుడూ దానికి రాదు, ఏదైనా తప్పిపోతే తిట్లు మాత్రం దానికే వస్తాయి. మాది క్రైస్తవ కుటుంబమైనా, హిందూ పెళ్ళిలో ఏ తంతు తర్వాత ఏది వస్తుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

విజయవాడలో మా స్టూడియో నుంచి బయల్దేరే ముందు తప్పనిసరిగా చేయించే పని ఒకటుండేది. కెమెరాలన్నీ బల్ల మీద పెట్టి, ఫోన్ చూసి, వాటి గడియారాలన్నిటినీ ఒకే సమయానికి కలపాలి. ఇన్ని కెమెరాల్లోంచి వచ్చే వేల ఫోటోలు కంప్యూటర్లో సమయం ప్రకారమే వరసలో చేరతాయి. ఒక్క గడియారం తప్పినా తలంబ్రాల తర్వాత జీలకర్ర బెల్లం వస్తుంది. మావాళ్ళు దీనికి ‘సార్ గారి ప్రార్థన’ అని పేరు పెట్టి వెనక నవ్వుకునేవారు. నవ్వుకోండని వదిలేశాను గాని, ఆ పని ఒక్క రోజూ మానలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. పెళ్ళి పీటల దగ్గర ఫోటోగ్రాఫర్‌కి ఒక విచిత్రమైన అధికారం ఉంటుంది. ఎంత పెద్దమనిషైనా ‘సార్, కొంచెం ఎడమకి’ అంటే నోరెత్తకుండా జరుగుతాడు. విసుక్కుంటూనే పంతులు గారు కూడా మంగళసూత్రం పట్టుకుని ఇంకో క్షణం ఆగుతారు. నాకు పని నేర్పిన గురువు గారు ఈ విషయంలో చాలా పట్టుదలగా ఉండేవారు. ఆ అధికారం ఫోటోదే గాని నీది కాదు, ఫోటో కోసం తప్ప దాన్ని వాడావంటే ఆ రోజుతో నీ పని సరి, అనేవారు.

ఆ రోజు ఎదురుకోలు చక్కగా జరిగింది. హాలు గుమ్మం దగ్గర రామ్మోహనరావు గారు పన్నీరు బుడ్డి పైకెత్తి మగపెళ్ళివారి మీద చల్లుతూ, ‘రండి బావగారూ, రండి రండి’ అని హాలంతా వినపడేలా పిలిచారు. మనిషి నిండుగా, గట్టిగా ఉన్నారు. రంగు వేసి దువ్విన మీసం. పెళ్ళికొడుకును పీటల మీద కూర్చోబెట్టారు. పెళ్ళికూతురు హారిక లోపల గదిలో గౌరీపూజలో ఉంది. తర్వాతి తంతు అమ్మాయి తల్లిదండ్రులు అల్లుడి కాళ్ళు కడగడం, ఆ వెంటనే కన్యాదానం.

రామ్మోహనరావు గారు, భార్య విజయలక్ష్మి గారు వచ్చి కూర్చున్నారు. పంతులు గారు సంకల్పం చెప్పిస్తుంటే ఆయన మాట ముద్దముద్దగా వచ్చింది. పంతులు గారు గోత్రం రెండోసారి చెప్పించి ముందుకెళ్ళిపోయారు. కుడి భుజం మీది కండువా జారింది, ఆయన సర్దుకోలేదు. విజయలక్ష్మి గారు సర్దారు. మళ్ళీ జారింది. నేను దగ్గరగా ఒక ఫోటో తీసి, అలవాటు ప్రకారం కెమెరా వెనక తెర చూసుకున్నాను. కుడివైపు మీసం కొస కిందికి దిగి ఉంది. వెనక్కి తిప్పుకుంటూ పోయి ఎదురుకోలు ఫోటో చూశాను. అందులో మీసం రెండు కొసలూ సమంగా ఉన్నాయి.

ఆ తేడా ఏమిటో నాకు తెలుసు. ఎందుకో చెప్పాలి. అంతకు నాలుగేళ్ళ ముందు, నేను గుడివాడలో ఒక పెళ్ళి తీస్తుండగా ఇంట్లో నా భార్య కరుణకు పక్షవాతం వచ్చింది. షుగర్ తగ్గి నీరసపడిందనుకుని పక్కింటివాళ్ళు పాపం హార్లిక్స్ పట్టారు, అది గొంతుకు అడ్డంపడింది. ఆస్పత్రికి చేరేసరికి సాయంత్రమైంది. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఒకటుందని, మొదటి మూడు నాలుగు గంటలు దాటితే అది ఇవ్వలేమని డాక్టర్ చెప్పాడు. మనిషిని నవ్వమనాలి, రెండు చేతులూ ఎత్తమనాలి, ఏ ఒక్కటి వంకరపోయినా క్షణం ఆగకూడదని కూడా చెప్పాడు. కరుణ ఇప్పటికీ ఎడమచేత్తోనే అన్నం తింటుంది.

పీటల ముందు నిలబడి నేను ఆలోచించింది నిజాయితీగా రాస్తాను. నా అనుమానం తప్పయితే, కన్యాదానం ఆపి పెళ్ళి పాడుచేసిన ఫోటోగ్రాఫర్ అని కైకలూరు నుంచి కంకిపాడు దాకా చెప్పుకుంటారు. నిజమైతే, ఆ మనిషి మాటా చెయ్యీ నిమిషం నిమిషానికీ పోతున్నాయి. భయం వేసింది. కెమెరా ఎత్తాను.

"సార్, ఇటు చూసి ఒక్క నవ్వు నవ్వండి."

ఆయన నవ్వారు. ఎడమవైపే నవ్వారు.

"అలాగే రెండు చేతులూ ఎత్తండి సార్, ఆశీర్వదిస్తున్నట్టు."

పంతులు గారికి ఒళ్ళు మండింది. "ఇప్పుడు ఆశీర్వాదమేంటయ్యా! ఇంకా కాళ్ళే కడగలేదు. మీ ఫోటోల పిచ్చి తగలెయ్య!"

"ఒక్క నిమిషం అయ్యగారూ," అన్నాను. రామ్మోహనరావు గారు బుద్ధిగా రెండు చేతులూ ఎత్తారు. ఎడమచెయ్యి నిలబడింది. కుడిచెయ్యి మెల్లగా ఒడిలోకి దిగిపోయింది, అది దిగిపోయిన సంగతి ఆయనకు తెలియలేదు.

ఆ ముఖం అప్పుడు హాల్లో రెండు పెద్ద తెరల మీదా కనపడుతోంది. జనంలో సగంమంది టిఫిన్ల దగ్గర, మిగతావాళ్ళు కబుర్లలో ఉన్నారు, తెర చూసేవాళ్ళు లేరు. మిక్సింగ్ అబ్బాయికి చెయ్యి ఊపి బొమ్మ మార్పించాను. తెరల మీదికి పూలదండలొచ్చాయి. కెమెరా భుజానికి తగిలించుకుని సాంబశివరావు గారి దగ్గరికి వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆయన నమ్మలేదు. "పొద్దున్నుంచీ ఉపవాసమండీ, పైగా షుగర్ మనిషి. కాస్త కాఫీ పడితే లేచి కూర్చుంటాడు," అన్నారు. ఎవరో అప్పటికే గ్లాసు తెచ్చారు. నేను ఆ గ్లాసుకు అడ్డంగా చెయ్యి పెట్టాను. పెళ్ళివారి చేతిలోని కాఫీని ఫోటోగ్రాఫర్ ఆపడం వాళ్ళెప్పుడూ చూసి ఉండరు.

"నోట్లో ఏమీ పొయ్యకండి, మీకు దణ్ణం పెడతాను. పెళ్ళికొడుకు గారి మేనత్త డాక్టరని ఎదురుకోలప్పుడు అన్నారు కదా, ఆవిణ్ణి పిలవండి."

ఆ డాక్టరమ్మ పేరు ప్రసూన. పిల్లల డాక్టరు. టిఫిన్ దగ్గర్నుంచి తడిచేత్తోనే వచ్చారు. నేను రెండు ఫోటోలూ చూపించాను, ఎదురుకోలుదీ ఇప్పటిదీ. ఆవిడ వంగి రామ్మోహనరావు గారి రెండు చేతులూ పట్టుకుని తన చేతులు నొక్కమన్నారు. లేచి, "కారు తియ్యండి. విజయవాడ తీసుకెళ్ళాలి, ఇప్పుడే," అన్నారు.

సాంబశివరావు గారు అడ్డొచ్చారు. ఆయన్ని తప్పుపట్టలేను. "అమ్మా, ముహూర్తం ఇంక గంటంపావే. వాడికి ఒక్కగానొక్క కూతురు. ఈ కాళ్ళు కడగటం కోసం ఏడాదిగా ఎదురుచూశాడు. అది కానిచ్చి వెళ్తే..." అని ఆగిపోయారు. రామ్మోహనరావు గారు కూడా కదలనన్నారు. మాట రావడం లేదు. తల అడ్డంగా ఊపుతూ, కాళ్ళు కడిగే వెండి పళ్ళేన్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నారు. విజయలక్ష్మి గారు భర్త వంకా బావగారి వంకా చూస్తూ ఉండిపోయారు.

లోపల ఎవరో చెప్పినట్టున్నారు, గది తలుపు తీసుకుని హారిక వచ్చేసింది. జీలకర్ర బెల్లం పెట్టేదాకా పెళ్ళికొడుకు చూడకూడదని మధ్యలో పట్టుకునే అడ్డుతెర ఇంకా మడతలోనే ఉంది. ఎవరో ముసలావిడ, "అమ్మాయ్, తెర! తెర!" అని అరిచింది. హారిక వినిపించుకోలేదు. పెళ్ళికొడుకు ఎదురుగానే తండ్రి ముందు కూలబడి, పళ్ళెం మీది వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది.

"నాన్నా, కాళ్ళు కడగటానికి పెదనాన్న ఉన్నాడు. నువ్వు నాకు రేపూ కావాలి, ఎల్లుండీ కావాలి. లే."

ఆయన లేచారు. ఇద్దరు పట్టుకుని నడిపించారు. విజయలక్ష్మి గారూ, ప్రసూన గారూ వెంట వెళ్ళారు. ఆ కాసేపూ నేను షట్టర్ నొక్కలేదు, మావాళ్ళనీ నొక్కనివ్వలేదు.

కన్యాదానం సాంబశివరావు గారు, ఆయన భార్య చేశారు. తల్లిదండ్రులు లేనప్పుడు ఆ వరస దంపతులు చేయడం ఉన్నదే. ఆయన అల్లుడి కాళ్ళు కడుగుతూ ఏడ్చారు. నాకు కొన్ని ఫోటోలు అలికేసినట్టు వచ్చాయి.

పంతులు గారు సుముహూర్తానికి గొంతు పెంచారు, సన్నాయి జోరందుకుంది. ట్రెడిషనల్ తీసేవాడు ప్రాణం పోయినా వదలకూడని క్షణం అది. సరిగ్గా అప్పుడే హారిక మేనమామ ఫోన్ పట్టుకుని పీటల మీదికి పరుగెత్తుకొచ్చాడు. ప్రసూన గారు లైన్లో ఉన్నారు, నాతోనే మాట్లాడాలన్నారట. నా పెద్ద కెమెరాలోనే ఎదురుకోలు ఫోటోలున్నాయి. క్యాండిడ్ తీసే రఫీని నా చోటులోకి లాగి, నేను కెమెరాతో సహా వెనక్కి వెళ్ళిపోయాను.

స్కాన్ తీశారు. గడ్డే. ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, కానీ ఆయన ఏ సమయం దాకా మామూలుగా ఉన్నారో కచ్చితంగా తెలియాలి. నిద్ర లేచినప్పటి నుంచే నలతగా ఉన్నారని విజయలక్ష్మి గారు అంటున్నారు, లేదు ఇప్పుడే మొదలైందని కారు నడిపినతను అంటున్నాడు. తెల్లవారుజాము నుంచే అయితే సమయం మించిపోయినట్టే. అప్పుడు ఇస్తే మెదడులో రక్తస్రావం కావచ్చట. ఇవన్నీ ఆవిడ ఒక్క గుక్కలో చెప్పారు.

అటు జీలకర్ర బెల్లం పెట్టిస్తున్నారు. నేను గోడకు తిరిగి నిలబడి కెమెరా తెర మీద ఫోటోలు వెనక్కి తిప్పుతున్నాను.

"తొమ్మిదీ పన్నెండుకి పన్నీరు బుడ్డి కుడిచేత్తో తలపైకి ఎత్తి ఉన్నారమ్మా. మీసం సమంగా ఉంది."

ఇంకెవరో మగగొంతు ఫోన్ అందుకుంది, అక్కడి డాక్టరై ఉండాలి. "మాట?" అని అడిగారు. ఫోటోకు నోరుండదు. మిక్సింగ్ అబ్బాయి దగ్గరికి పరుగెత్తి, ఎదురుకోలు వీడియో పెట్టించి, ఫోన్‌ను స్పీకర్‌కు ఆనించాను. ‘రండి బావగారూ, రండి రండి’ అన్న గొంతు ఖణీమని వినిపించింది.

"మీ గడియారం కరెక్టేనా?" అన్నారాయన.

"ఈ పొద్దున నా చేత్తో కలిపాను సార్. అన్ని కెమెరాల్లోనూ ఒకటే."

ఫోన్ పెట్టేశారు. ఇంజెక్షన్ ఇచ్చారో లేదో మాకు భోజనాల వేళ దాకా తెలియలేదు. ఆ మధ్యలో తాళి కట్టించాం, తలంబ్రాలు పోయించాం, అందర్నీ నవ్వమని అడిగాం. నా వృత్తి జీవితంలో ‘నవ్వండి’ అనడానికి నోరు రాకపోవడం ఆ రోజే. వడ్డన జరుగుతుండగా సాంబశివరావు గారు విస్తళ్ళ మధ్యలోంచి నడిచొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, "వేళ్ళు కదిలించాడంట," అన్నారు. "రండి, భోంచేయండి," అన్నారు.

ఉగాది దాటాక ఆల్బంకు ఫోటోలు ఎంచుకోవడానికి హారిక తండ్రిని వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చింది. ఆయన ఒక కర్ర ఊతంగా నడుస్తున్నారు. మాట నెమ్మదిగానైనా స్పష్టంగా వస్తోంది. ఆ వంకర నవ్వు ఫోటో తీసిపారేయమని సాంబశివరావు గారు ముందే ఫోన్ చేసి చెప్పారు. ఆల్బం చేతికిచ్చేదాకా నేను ఏ ఫోటోనూ చెరపను, కాబట్టి అది అక్కడే ఉంది. రామ్మోహనరావు గారు కన్యాదానం ఫోటోల దగ్గర చాలాసేపు ఆగారు. తన చోట అన్నగారు, పళ్ళెంలో అల్లుడి కాళ్ళు. తర్వాత, "నాది... చూపించండి," అన్నారు.

చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"నవ్వు బాలేదు. మళ్ళీ తియ్యండి."

లైట్లు వేసి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఈసారి నవ్వు రెండువైపులా వచ్చింది. నేను అడక్కుండానే కర్ర పక్కనపెట్టి, రెండు చేతులూ ఎత్తారు. హారిక ఒక్క క్షణం నా వంక చూసి, వెళ్ళి ఆ చేతుల కింద తల వంచింది. కుడిచెయ్యి కాస్త కిందికే ఉంది, కానీ ఒడిలోకి దిగిపోలేదు. ఆల్బంలో కన్యాదానం పేజీకి ఎదురుగా ఈ ఫోటో వేశాం. గడియారం ప్రకారం చూస్తే అది అక్కడ ఉండకూడదు. వరస తప్పించి నేను ఫోటో పెట్టింది ఆ ఒక్క ఆల్బంలోనే.

అప్పటి నుంచి పని మానేసేదాకా, ప్రతి పెళ్ళిలో పొద్దున్నే నలుగురు తల్లిదండ్రులనూ ఎదురుగా నిలబెట్టి, వాళ్ళు నవ్వుతూ చేతులెత్తి ఉన్న ఫోటో ఒకటి తీసేవాణ్ణి. ఎందుకని ఎవరూ అడగలేదు, ఫోటోగ్రాఫర్ చెబితే చేస్తారంతే. గురువు గారు పెట్టిన నియమం మంచిదే, నా శిష్యులకు నేనూ అదే చెప్పాను. నేను దాన్ని ఒకసారి దాటాను. అలాంటి ముఖం మళ్ళీ కనపడితే మళ్ళీ దాటమని కూడా వాళ్ళకు చెప్పాను.