రెప్ప మీద చేతులు

మా పెనుకొండ క్రైస్తవ సంఘంలో ఎవరికైనా జబ్బు చేస్తే, ఆదివారం ఆరాధన ముగిశాక సంఘపెద్ద ఆముదం మీద ప్రార్థించి, దాన్ని నొప్పి ఉన్న చోట రాసేవారు. తర్వాత ఆడవాళ్లంతా ఒకరి వెనుక ఒకరు వచ్చి ఆ చోటే చేయి పెట్టి ప్రార్థించేవారు. కడుపునొప్పికీ మోకాళ్లకూ దీనివల్ల ఇబ్బందేమీ లేదు. పందొమ్మిదివందల యాభైల చివర్లో, నేను బడిలో టీచరుగా చేరిన కొత్తలో, నా కుడి పైరెప్ప మీద శనగగింజంత గట్టి గడ్డ లేచింది.

"కంటికురుపులే, అదే పోతాది" అంది అమ్మ.

పోలేదు. సంఘంలో నూనె రాశారు, చేతులు పెట్టారు. మా ఎదురింటి అవ్వ బొటనవేలితో గడ్డను నొక్కిపట్టి ప్రార్థించేది. ఆమె ప్రార్థన చాలా పొడుగు. కొన్ని వారాలకు రెప్ప ఎర్రబడి, చర్మం చిట్లి రసి కారింది.

ధర్మవరంలో ఒక డాక్టరు చూసి, అమ్మను పక్కకు పిలిచి, రాచకురుపు, అంటే క్యాన్సరు కావచ్చు, కన్ను తీసేయాల్సి రావచ్చు అన్నాడు. ఇంటికొచ్చాక అమ్మ ఆ మాట నాకు చెప్పింది. నేను మోకాళ్లూనాను. 'నీ చిత్తమే జరగనీ' అనడానికి నోరు రాలేదు. కన్ను ఉండనివ్వమనే అడిగాను.

ఇంకొకరికి కూడా చూపిద్దామని అమ్మ నన్ను హిందూపురం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన గడ్డను రెండు వేళ్లతో మెల్లగా కదిలించి చూశాడు.

"ఏం పూస్తాండారమ్మా దీనికి?"

"ఆముదం సార్. సంఘంలో ఆడోళ్లంతా ప్రార్థన చేసి చేయి పెడ్తారు."

"అంతమందీ కంటి మీదేనా? అట్లా రుద్దితే ఏ రెప్పయినా పుండు పడదా? ఈ ఎరుపు గడ్డదో, మీ చేతులదో నాకే తెలీట్లేదు. నెల దినాలు ఎవురూ ముట్టొద్దు. ప్రార్థన మానమనలేదమ్మా, వేళ్లు మానమంటాండా."

ఆ మాట సంఘంలో చెప్పడానికి అమ్మ భయపడింది. చేయి వద్దంటే ప్రార్థన వద్దన్నట్టే. చివరికి సంఘపెద్దకు చెప్పింది. ఆయన ఆడవాళ్ల వైపు తిరిగారు.

"నెత్తి మీద పెడితే దేవునికి ఇనపడదా? ఇంక కంటి జోలికి ఎవురూ పోవద్దండి" అన్నారు.

"నా చేయేమన్నా కారం చెయ్యా?" అని అవ్వ అలిగింది. ఆ నెలంతా చేతులు ఒళ్లో పెట్టుకుని, కూర్చున్న చోటినుంచే ప్రార్థించింది.

నెలకు పుండు మానింది. చర్మం కింద గడ్డ మాత్రం నీలంగా, రాయిలా మిగిలింది. "చెడ్డగడ్డ మాదిరి లేదు. తీసి చూస్తేగానీ చెప్పలేను" అన్నాడు డాక్టరు. రెప్పకు సూదిమందు ఇచ్చి కోశాడు. గడ్డను పళ్లెంలో వేస్తే టక్కుమంది.

దాన్ని పరీక్షకు బెంగుళూరు పంపారు. ఫలితం వచ్చేదాకా అన్నం సయించలేదు. వెంట్రుక కుదురులో పుట్టి సున్నం పట్టిన గడ్డ అనీ, రాచకురుపు కాదనీ తేలింది. రెప్ప మీద ఇలాంటిది చూడడం తనకిదే మొదలన్నాడు డాక్టరు. మొత్తం తీసేశాడు కాబట్టి మళ్లీ రావడం అరుదన్నాడు. ఆ గదిలోనే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

తర్వాతి ఆదివారం అవ్వ నా దగ్గరికి వచ్చింది. "ఇప్పుడన్నా పెట్టొచ్చునా మే?" అని అడిగి, నెత్తి మీద చేయి పెట్టి స్తోత్రం మొదలుపెట్టింది. ప్రార్థన సాగేకొద్దీ బొటనవేలు అలవాటు కొద్దీ నుదుటి మీదుగా కనుబొమ దాకా జారింది. నేను కళ్లు మూసుకునే ఆమె మణికట్టు పట్టుకుని పైకి జరిపాను. ఆమె ప్రార్థన ఆపలేదు.