బండి తప్ప అన్నీ అలుక్కుపోతాయి

నా చేతిలో చెడిన ఫోటోలకు లెక్కలేదు. తలలు తెగిన పెండ్లికొడుకులు, కళ్లు మూసుకున్న సర్పంచులు, అంతా నా పుణ్యమే. కానీ చెడకుండా, బ్రహ్మాండంగా వచ్చి కొంప ముంచిన ఫోటో మాత్రం ఒక్కటే. ఆ ఘోరం చెబుతాను. నవ్వండి గానీ, తిప్పేస్వామి ఎదురుగా మాత్రం వద్దు.

తొంభైల చివర్లో మా బెళుగుప్పలో తిప్పేస్వామి పాత జీపు కొన్నాడు. కొన్నరోజు నడిచింది. ఆ తర్వాత అది వాకిట్లో కోళ్లు పొదిగే చోటయింది. ఇంతలో విడపనకల్లు నుంచి సంబంధం వచ్చింది. మధ్యవర్తి గంగన్న మామ. ఆయన నోట్లో పడితే మేకపిల్ల ఏనుగై బయటికొస్తుంది. "మావాని జీపు గాలి మాదిరి పోతాది" అని పిల్ల తండ్రికి చెప్పి వచ్చాడు. ఇంజను పలకదు, పెట్రోలు లేదు, బండి పేరు గాలి.

పిల్ల తండ్రి గట్టివాడు. "శెనక్కాయ పెరికే పనుండాది, నేను రాలేను. బండి పరిగెత్తే ఫోటో తెచ్చి చూపియ్యండి. ఆమీద మాట్లాడుకుందాం" అన్నాడట.

తిప్పేస్వామి వచ్చి నా స్టూడియోలో కూలబడ్డాడు. "ఓబన్నా, నా పెండ్లి నీ చేతిలో ఉండాది."

"నా చేతిలో కెమెరా ఉండాది. నీ జీపులో ఏముండాది?"

"సీట్లుండాయి."

అక్కడితో చేతులు దులుపుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ కారు పందేల ఫోటోలు తీసే ఒకాయన అంతకుముందే అనంతపురంలో నాకో కిటుకు చెప్పాడు. "బండి ముందర కొయ్యబొమ్మ మాదిరి నిలబడొద్దు. అది ఎంత జోరుగా పోతాదో అంతే జోరుగా కెమెరాతోపాటు నడుం తిప్పు. తిప్పుతానే నొక్కు, నొక్కినాక కూడా తిప్పు. షట్టరు నిదానంగా పెట్టుకో. బండి తేటగా నిలుస్తాది, బండి తప్ప అన్నీ అలుక్కుపోతాయి." దాన్ని పానింగ్ అంటారట. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. రాసుకునే దారి లేదు గనుక విన్నమాటను విన్నట్టే మింగేవాణ్ణి. నమలడం తర్వాత సంగతి.

"జీపును నెట్టితే చాలు. నిదానంగా పోయినా ఫోటోలో గాలే" అన్నాను.

గంగన్న మామకు అనుమానం వచ్చింది. "నెట్టేటోళ్లు కనపడరా?"

"బండి తప్ప అన్నీ అలుక్కుపోతాయని చెప్తాండా గదా మామా. నువ్వు బండివా?"

"కాదు."

"అయితే అలుక్కుపోతావు. నిశ్చింతగా నెట్టు."

తారురోడ్డు మీద తిప్పేస్వామి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మామ, తిప్పేస్వామి తమ్ముళ్లు జీపు వెనక చేరారు. సరిగ్గా నా ఎదురుకు వచ్చేసరికి తిప్పేస్వామి బ్రేకు తొక్కి, కాలరు సర్దుకుని బిగుసుకుపోయాడు. వెనకవాళ్ల ముక్కులు రేకుకు తగిలాయి.

"ఏమప్పా, ఎందుకు నిలబెట్టినావు?"

"ఫోటోకు కదలగూడదు గదన్నా."

"ఈ ఫోటోకు కదలల్లప్పా, నిలబడగూడదు."

మళ్లీ నెట్టారు. నేను రోట్లో పొత్రం తిరిగినట్టు తిరుగుతూ నొక్కాను, నొక్కినాక కూడా తిరిగాను, తిరిగి తిరిగి కంపచెట్టులో పడ్డాను.

రీలు అనంతపురంలో కడిగించి, కవరు తీసుకుని అట్నుంచి అటే నేను, మామ, తిప్పేస్వామి ముగ్గురం విడపనకల్లు బస్సెక్కాం. నేను విప్పబోతే మామ చేయి మీద కొట్టాడు. "పిల్ల తండ్రే విప్పల్ల. మనం ముందే చూస్తే శకునం చెడతాది."

పిల్ల తండ్రి విప్పాడు. నేను మెడ చాచి చూశాను. కరెంటు స్తంభాలు, కంపచెట్లు, గుట్ట, అన్నీ గీతలై పారిపోతున్నాయి. జీపు అద్దంలా నిలిచింది. లోపల తిప్పేస్వామి మంత్రిలా కూర్చున్నాడు. జీపు వెనక మామ, ఆయన పక్కన తమ్ముళ్లు. మామ నోరు తెరిచి, పంచె జారి, మీసంలో వెంట్రుకలు విడివిడిగా తెలిసేంత తేటగా ఉన్నాడు. జీపుతో సమానంగా కదిలేవాడు కూడా జీపు కిందే లెక్కని నాకెవరు చెప్పారు? కాళ్లు మాత్రం, పాపం, అలుక్కుపోయాయి.

పిల్ల తండ్రి ఫోటో చూశాడు, మామను చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు.

"గంగన్నా, జీపు గాలి మాదిరి పోతాదంటివే."

"అవునప్పా."

"ఆ గాలి నువ్వేనా?"

మామ పంచె బిగించి కట్టుకున్నాడు. తిప్పేస్వామి పిల్ల తండ్రి వైపు తిరిగాడు. "ఇంజను సామాను బళ్లారి నుంచి రావల్ల మామా, వస్తే పోతాది."

"బండి చెడేది తప్పు గాదు నాయనా. పెద్దాయన పంచె జారిపోతా నెడతాంటే పైన దర్జాగా కూర్చున్నావే, ఆ అల్లుడు నాకొద్దు."

"నేను దిగితే స్టీరింగు ఎవరు పట్టుకుంటారు?"

"ఈ ఫోటో తీసినాయన్ని పట్టుకోమనల్సింది. అందరికీ మేలయ్యుండేది."

తిరుగు బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం. ఆ బస్సులోనే, టికెట్టు చేత్తో పట్టుకుని, కండక్టరు సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో కదిలేదాన్ని దేన్నీ ఫోటో తీయను. గుంతకల్లు రైలే పరుగెత్తుకుంటూ వచ్చి అడిగినా సరే, "ముందు నిలబడప్పా, నీ ఎనక ఎవరు నెడతాండారో చూసొస్తా" అంటాను.