గుంతకూ కడుపుంటదన్న మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయిన సోమవారం పొద్దున కన్నుమూసింది. ఛాతీలో నొప్పి అన్నది. ఆటోలో నా భుజం మీద తల వాల్చి, "షెడ్డు కడిగినవా పిల్లా?" అని అడిగింది. కడిగానని చెప్పాను. దవాఖాన గేటు చేరేలోపే నా చేతిలో ఆమె చెయ్యి చల్లబడింది. ఆమె నన్ను అడిగిన ఆఖరి మాట అదే. ఆ షెడ్డు సంగతి చెబితే మా అత్తమ్మ ఎలాంటి మనిషో మీకు తెలుస్తుంది.

బాన్సువాడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మేము కుక్కలను చూసుకుంటాం. వర్ని వైపు వచ్చి స్థిరపడిన రైతులు కోస్తాలోని సొంతూళ్ళకు పోయేటప్పుడు తమ కుక్కలను మా దగ్గర వదిలి వెళ్తారు. పెళ్ళయి వచ్చాక నాకంటూ దొరికిన మొదటి పని అది. మనుషులతో మాట్లాడాలంటే నాకు బెరుకు. కుక్కలతో ఆ బాధ లేదు.

మొదట్లో అత్తమ్మకు కుక్కలంటే గిట్టేది కాదు. కొత్త కుక్క దిగినప్పుడల్లా, "దొరలొచ్చిండ్రు, లేవుండ్రి, కుర్చీ ఎయ్యిండ్రి" అని ఎగతాళి చేసేది. తర్వాత ఆ పిలుపే ముద్దుపేరైంది. "ఏం దొరా, బువ్వ తినలే?" అని ఒక్కోదాన్ని పలకరించేది.

కడిగిన నీళ్ళు సందులోకి పారుతున్నాయని గుంత తవ్వించాలన్నది ఆమే. "మన మురికి మన జాగలనే అరగాలె, పక్కోళ్ళ వాకిట్లకు పోవద్దు" అన్నది. మేస్త్రి మా ఇంటికి దగ్గరగా గీత గీస్తే, పక్కింటి బోరు ఎక్కడుందో చూపించి, దానికి దూరంగా పెరటి చివర గీయించింది. సిమెంటు రింగులతో రెండు గుంతలు. మొదటిదానికి అడుగున గచ్చు. మురికి అందులో అరిగి, నీళ్ళు మాత్రం పైపు గుండా కంకర నింపిన రెండో గుంతలోకి పోయి భూమిలో ఇంకాలి. కుక్కల వెంట్రుకలు పైపుకు అడ్డం పడకుండా షెడ్డు గడప దగ్గర ఇనుప జాలి పెట్టించింది. రోజూ ఆ జాలిని తనే దులిపేది.

అయినా కొన్నాళ్ళకే వాసన మొదలైంది. అత్తమ్మకు తల కొట్టేసినట్టయింది. ఫినాయిల్ డబ్బా తెచ్చి, పొద్దున కొంత, సాయంత్రం కొంత షెడ్డంతా పోసి కడిగేది. వాసన ఇంకా పెరిగింది. ఆమె ఇంకా పోసేది.

ఆ మధ్య మద్నూర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళి కొన్ని రోజులుంది. ఫినాయిల్ నా ముక్కుకు పడదు కాబట్టి నేను ఉత్త నీళ్ళతోనే కడిగాను. వాసన తగ్గింది. ఆమె తిరిగి రాగానే మళ్ళీ మొదలైంది. మేస్త్రిని అడిగితే, "లోపల కంటికి కనపడని పురుగు ఉంటదమ్మా. అదే మురికిని తింటది. ఫినాయిల్ పోస్తే అది సస్తది. పేడనీళ్ళు పోస్తే మళ్ళ పుడతది" అన్నాడు. ఈ మాట అత్తమ్మకు ఎలా చెప్పడం? మా ఆయనను చెప్పమంటే, "అమ్మకా? నువ్వే చెప్పు" అని తప్పించుకున్నాడు.

ఇంతలో నేను చిన్నత్త అని పిలిచే పక్కింటామె గల్లీలోని పెద్దమనుషులను వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"అక్కా, నీ దొరల వాసనకు మా ఇంట్ల ముద్ద దిగుతలేదు. షెడ్డు తీస్తవా, మమ్ముల్నే ఊరు ఇడిసి పొమ్మంటవా?"

"రోజు ఫినాయిల్ పోస్తున్న చెల్లే, ఇగ నన్నేం చెయ్యమంటవ్?"

"షెడ్డు పీకెయ్యి, గంతే."

పెద్దమనుషులు తల ఊపారు. నా షెడ్డు పోయినట్టేననిపించింది. తలుపు చాటు నుంచే, "అత్తమ్మా, ఫినాయిల్ పొయ్యకుంటే వాసన రాదు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆమెకు మాత్రం వినబడింది.

"ఏమన్నవ్? బయటికొచ్చి చెప్పు."

కోపమొచ్చిందనుకుంటూనే బయటికి వచ్చాను. ఆమె నా చెయ్యి పట్టుకుని అందరి ముందు నిలబెట్టింది. "నా కోడలు చెప్తది, ఇనుండ్రి" అన్నది. నేను తల వంచుకునే, మద్నూర్ రోజుల సంగతీ మేస్త్రి మాటా చెప్పాను. అత్తమ్మ చెంగుతో మొహం తుడుచుకుని అన్నది:

"తప్పు నాదే. గుంతకూ కడుపుంటదని నాకు తెల్వకపాయె. కడుపుకు బువ్వ పెట్టాలె గని, నేను మందు పోసి సంపిన. చెల్లే, జర కొన్ని దినాలు ఆగు. నీ బర్రె పేడ ఒక బకీట్ ఇయ్యి."

చిన్నత్త నవ్వేసింది. "గిది బాగున్నది! కొట్లాటకొస్తే పేడ అడుగుతున్నవా?"

కోడలి మాట విని, పదిమంది ముందు తప్పు నాదేనన్న అత్తను మీరెందరిని చూశారు? నేను ఒక్క మా అత్తమ్మనే చూశాను.

వాకిట్లో సానుపు చల్లనిదే ఆమె పొయ్యి ముట్టించేది కాదు. ఆనాటి నుంచి ఫినాయిల్ మానేసి, వాకిలికి కలిపిన పేడనీళ్ళలో గుంతకూ ఒక చెంబు తీసిపెట్టేది. చిన్న మూత ఎత్తి, పసిపిల్లకు ఉగ్గు పోసినంత మెల్లగా పోసేది. వాసన పోయింది. షెడ్డు నిలిచింది. ఆ తర్వాత రోజూ పోయడం మాని, అమావాస్యకు అమావాస్యకు మాత్రం, "దాని పండుగ" అంటూ ఒక బకెట్ పోసేది. కుక్కను వదలడానికి ఎవరొచ్చినా ముందు పెరటి చివరికి తీసుకెళ్ళి, "వాసనొస్తుందా? సూడుండ్రి. మా కోడలు కనిపెట్టింది" అనేది. నేను సిగ్గుతో లోపలికి పారిపోతే, "గామె గంతే, మాట తక్కువ, లెక్క కరెక్టు" అని నవ్వేది.

ఆమె పోయిన మూడో నాడు అమావాస్య. వచ్చిపోయే చుట్టాల మధ్య నాకు గుర్తే లేదు. పెరట్లో బకెట్ చప్పుడైతే వెళ్ళి చూశాను. పక్కింటి చిన్నత్త, చెప్పులు దూరంగా విడిచి, గుంత దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఇయ్యాల అక్క పోసే దినం గదా" అన్నది. మూత ఎత్తి, అత్తమ్మ లాగే, చుక్క కింద పడకుండా మెల్లగా పోస్తోంది. షెడ్డులో కుక్కలన్నీ గడప దగ్గరికి వచ్చి, మొరగకుండా, ఆమె చేతినే చూస్తున్నాయి.