రత్నం తలగడ

ఈ మాటను ఏళ్ళుగా గొంతులో ముల్లులా పెట్టుకుని తిరుగుతున్నాను. డైరీలో కూడా రాయలేదు. డైరీ చదివేది నేనే కదా, అదే భయం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలను.

పటమటలో ఒక ఇంటి వెనకగదిలో నేనూ రత్నమూ అద్దెకుండేవాళ్ళం. రత్నం వాళ్ళది బందరు వైపు సముద్రపు ఒడ్డు. వాళ్ళమ్మ చేపలమ్మేది, వచ్చినప్పుడల్లా ఎండు నెత్తళ్ళు మూటగట్టి తెచ్చేది. రత్నానికి పిల్లి పడదు. ఇంటావిడ పెంచుకునే పిల్లి మా గదిలోకొచ్చి పోయినా చాలు, రత్నం కళ్ళు వాచేవి, ఊపిరి ఈలవేసేది. రోహిణీ ఎండల్లో కూడా కిటికీ మూసుకుని పడుకునేవాళ్ళం. ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు, "పిల్లి ఉందాండీ?" అని అడిగేది.

ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో ఒకే ఉద్యోగం పడింది. ఇంగ్లీషులో ఉత్తరాలు రాయాలి, ఫోనులో మాట్లాడాలి. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. రత్నానికి దగ్గరగా వినపడే ఇంగ్లీషు మాటలు కలిసిపోయేవి. యాక్సెప్ట్, ఎక్సెప్ట్. అడ్వైస్, అడ్వైజ్. నేనే కూర్చోబెట్టి నేర్పాను. ఆమె తప్పులు నాకు తియ్యగా ఉండేవి. కొన్నాళ్ళకు తప్పులు పోయాయి. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు, ఆమె నవ్వుతూ మాట్లాడేస్తుంది. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ నవ్వు ముందు ఎందుకూ పనికిరావని, ఆ ఉద్యోగం ఆమెదేనని నాకు అర్థమైపోయింది.

ఇంటర్వ్యూ ముందురోజు మధ్యాహ్నం రత్నం చీర ఇస్త్రీకివ్వడానికి వెళ్ళింది. నేను పాలు చూపించి పిల్లిని పిలిచాను. ఆమె తలగడ మీద పడుకోబెట్టి, నిద్రపోయేదాకా నిమిరాను. తర్వాత అరచేత్తో బొచ్చును తలగడ గలేబులోకి రుద్దాను. కోపంతో చేశానా? కాదు. గలేబు ముడతలు కూడా సరిచేశాను.

తెల్లారేసరికి రత్నం కళ్ళు తెరుచుకోలేదు. మాటకు ఊపిరి చాలడం లేదు. గలేబుకంటిన బొచ్చు చూసి ఇంటావిడ, "ఎండుచేపలు గదిలో పెట్టుకుంటే పిల్లి రాకేం చేస్తుందమ్మా?" అంది.

రత్నం నావైపు తిరిగింది. "అంతేనంటావా అక్కా? మా అమ్మ చేపలకేనా?"

"మరి? ఎన్నిసార్లు చెప్పాను నీకు," అన్నాను.

ఒక్కసారీ చెప్పలేదు.

ఇంటర్వ్యూకి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఉద్యోగం వచ్చింది. తర్వాత వాళ్ళమ్మ మూటతో వచ్చినప్పుడు రత్నం గుమ్మంలోనే ఆపేసింది.

"ఇంకెప్పుడూ తేమాక. నీ చేపల మూలానే నా ఉద్యోగం పోయింది."

ఆవిడ మూట మళ్ళీ నెత్తిన పెట్టుకుంది. వెళ్తూ నాతో అంది, "మా పిల్లని నువ్వే కనిపెట్టుకునుంటన్నావంట. సల్లగుండు తల్లీ."

నేను తలూపాను.

రత్నం ఊరెళ్ళిపోయింది. ఆ ఉద్యోగం ఇప్పటికీ నాదే. వెళ్ళి నిజం చెబితే ఆ తల్లీకూతుళ్ళ మధ్య పడిన మాట తుడుచుకుపోతుందేమో. వెళ్తానా? వెళ్ళను. నా సంగతి నాకు తెలుసు.

బొచ్చు రుద్దింది నేనే. ఇది రాశాక, సిగ్గులేకుండా, నాకు ఊపిరి తేలిగ్గా ఆడుతోంది.