పొగలో ఎవరి వాటా ఎంత?

ఇత్తడి కరిగే వాసన ఎక్కడ తగిలినా నాకు ముందు దగ్గు వస్తుంది, ఆ వెనకే బాలమ్మక్క గుర్తుకొస్తుంది. ఎనభైల నడిమిలో కామాటిపురలో, కూలీల వరుసగదుల చాల్‌లో నా పక్క గది ఆమెది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఇటుకలు మోసిన మనిషి, అక్షరం ముక్క రాదు. తాపీ పనిలో ఊపిరితిత్తులు పాడైన భర్త రాములు కిటికీ పక్క మంచం మీద ఉండేవాడు. ఎదుటి ఇత్తడి కార్ఖానా పొగగొట్టం సరిగ్గా ఆ కిటికీ ఎత్తుకే వచ్చి ఆగింది. తెరిస్తే పొగ, మూస్తే ఉక్క. ఇలాగే ఉంటే ఈ వేసవి దాటడని డాక్టరు తేల్చేశాడు.

అవి నేను హేతువాద సభల్లో గొంతు చించుకునే రోజులు. దేవుణ్ణే నిలదీసినవాడికి గుమాస్తాలొక లెక్కా? గాలి కోసం కొత్తగా వచ్చిన చట్టాన్ని సెక్షన్లతో సహా ఎత్తిచూపుతూ వార్డు నుంచి ఢిల్లీ దాకా నాలుగేసి పేజీల అర్జీలు పంపాను. గొట్టం మాదే, పొగ మాది కాదన్నది వార్డు ఆఫీసు. పొగ మాదే, గొట్టం మాది కాదన్నది రాష్ట్ర కాలుష్య బోర్డు. ఢిల్లీ నా ఉత్తరాన్ని రాష్ట్రానికి పంపింది, రాష్ట్రం వార్డుకు పంపింది, వార్డు తగు చర్య కోసం నాకే పంపింది.

బాలమ్మక్క ఆ కాగితం చదివించుకుని పడీపడీ నవ్వింది. "దేవుడు లేడని గింతగనం ఒర్రుతవ్ గద సారూ, గీ ముగ్గురు ఉన్నరని ఎట్ల నమ్మినవ్?"

"మరేం చేయమంటావక్కా?"

"పని చెయ్యిమంటే ఎవడు రాడు. నీకు హుకుం లేదంటుండు పక్కోడు అని రాయి, ఉరికొస్తడు. మా కూలీల మీది ముకద్దం గట్లనే."

రెండేసి వాక్యాలు రాశాను. పొగ మీద మీకు అధికారం లేదని బోర్డు అంటోందని వార్డుకు, గొట్టం మీద మీకు లేదని వార్డు అంటోందని బోర్డుకు. రెండూ అబద్ధాలు కావు, అదొక్కటే నా ఓదార్పు. మంగళవారం మూడింటికి తనిఖీకి రమ్మని ఇద్దరినీ కోరాను. ఇద్దరూ పది నిమిషాలు ముందే వచ్చారు! బాలమ్మక్క వాళ్లను రాములు మంచం మీదే కూర్చోబెట్టి, కిటికీ తెరిచి, తలుపు మూసింది. హిందీలో ఆమె అన్నది ఇదీ: "సాహెబ్, మీ మీ వాటా మీరు పీల్చుండ్రి. ఢిల్లీ వాటా మా ఆయన పీలుస్తడు."

కాసేపటికి ఇద్దరూ దగ్గుతూ, పోటీపడి ఆర్డర్లు రాశారు.

నెలలోగా గొట్టం మా కప్పు దాటి పైకి లేచింది. రాములు తెరిచిన కిటికీ పక్కనే ఆ వేసవి దాటాడు, ఆపై వేసవి కూడా. నేను గెలిచామని గల్లీ గల్లీకీ చెప్పుకు తిరుగుతుంటే, బాలమ్మక్క డాబా ఎక్కి చూసి వచ్చింది.

"పొగ ఎనక గల్లీల పైగదులకు పోతుంది సారూ. ఆడ పసిపిల్లలున్నరు. ఇంకో రెండు రాయి."

"మన బాధ తీరింది కదక్కా!"

"పొగ తీరిందా?"

గెలుపు కబుర్లు ఆపాను. కూర్చుని రాశాను. ఇప్పటికీ ఏదైనా గెలిచామని రాసేముందు, గాలి ఎటు వీస్తోందో లేచి చూసి వస్తాను.