ఆరున్నొక్కటి

మిషనక్కవి పాము చెవులని వీధంతా అంటారు. కుట్టుమిషను దడదడలాడుతున్నా సరే, గుమ్మం ముందు ఆగిన మనిషి ఎవరో చెప్పుల చప్పుడును బట్టి చెప్పేస్తుంది. కొలతలు ఒక్కసారి వింటే చాలు, కాగితం మీద రాసుకోదు. అలాంటి మనిషి ఒకే ఒక్క మాటను తప్పుగా అర్థం చేసుకుంది. ఆ తప్పును తీసుకెళ్ళి కన్నతల్లి చేతులకు రాసింది.

ముందు ఆ చేతుల సంగతి చెప్పాలి. మిషనక్క తల్లి ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికింది. వేడి నీళ్ళు, సోడా, మళ్ళీ వేడి నీళ్ళు. వేళ్ళ సందుల్లో చర్మం చిట్లిపోయి ఉండేది. అరచెయ్యి ఎంత గరుకంటే, పట్టుబట్ట ముట్టుకుంటే దారాలు లేచేవి. అందుకే కూతురు కుట్టే మంచి బట్టల్ని ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని దూరం నుంచే చూసేది.

తండ్రి పోయినప్పుడు మిషనక్క తొమ్మిదో తరగతి. పుస్తకాలు కట్టగట్టి అటక మీద పడేసి మిషను ముందు కూర్చుంది. ఆ మొదటి సాయంత్రం తల్లి పని నుంచి వచ్చి, పొట్టి స్టూలు మీద కూలబడి, రెండు చేతులూ ముందుకు చాపి అలాగే ఉండిపోయింది. ఏం చెయ్యాలో తోచక పిల్ల గరిటెలో కాస్త నూనె వెచ్చబెట్టి రాసింది. రాస్తూ ఉండగానే తల్లి కళ్ళు మూతలు పడ్డాయి. తల మెల్లగా వచ్చి కూతురి భుజం మీద వాలింది. ఆ రోజు నుంచి అదే అలవాటయింది. తల్లికి కొడుకంటే పంచప్రాణాలు, ఆ సంగతి దాచేది కూడా కాదు. కానీ సాయంత్రం ఆ పది నిమిషాలు మాత్రం తల్లి పూర్తిగా కూతురిది. పద్దెనిమిదేళ్ళలో ఒక్క సాయంత్రం తప్పలేదు. పగుళ్ళు మానాయా లేదా అన్నది ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

తమ్ముడికి పెళ్ళయ్యాక వచ్చిన మరదలు పట్టించుకుంది.

మరదలి పుట్టింటివాళ్ళది తైలాల బట్టీ. ఆకునీ పువ్వునీ బెరడునీ ఆవిరి పట్టి తైలం తీస్తారు. బట్టీ ముందున్న దుకాణంలో ఆ అమ్మాయి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సీసాలు నింపుతుంది. కాపురానికి వస్తూ ఒక చెక్కపెట్టె నిండా గోధుమరంగు బుడ్లు తెచ్చుకుంది. జలుబు చేస్తే ఆవిరి పట్టడానికి నీలగిరి, తలనొప్పికి కణతల మీద పుదీనా, మొటిమలకు ఒకటి, తల వెంట్రుకలకు ఒకటి. వంటింటి అలమరలో పై అర మొత్తం వాటికే పోయింది. అక్కడ ఉండాల్సిన మిషనక్క గుండీల డబ్బాలు మంచం కిందికి చేరాయి.

వచ్చిన వారానికే ఆ అమ్మాయి అత్తగారి చేతులు పట్టుకుని కిటికీ వైపు తిప్పి చూసింది.

"అయ్యో అత్తయ్యా, వీటినిలా వదిలేశారేంటి?"

మిషను దగ్గరున్న మనిషికి గోటికింద సూది దిగినట్టయింది. పద్దెనిమిదేళ్ళు రాస్తే వదిలేయడమట!

ఆ రోజు నుంచి మరదలు తైలం కలిపి రాయసాగింది, నెలన్నర తిరిగేసరికి పగుళ్ళన్నీ మూసుకున్నాయి. ఇక చూడాలి తల్లి సంబరం. ఎదురింటి టీచరు రవిక కొలతలకు వస్తే, కొలతలు తరవాత, ముందు చేతులు చూడమంది.

"చూశారా టీచరుగారూ, అంతా మా కోడలి చేతి చలవ!"

"అబ్బ, పెళ్ళికూతురి చేతుల్లా ఉన్నాయండీ. ఏం మిషనక్కా, మీ అమ్మని చూశావా?"

"చూస్తూనే ఉన్నానండీ. రోజుకి పదిసార్లు చూపిస్తోంది. చెయ్యెత్తండి, చంక కొలవాలి," అంది మిషనక్క. టేపు కాస్త గట్టిగానే లాగినట్టుంది, టీచరు 'అమ్మో' అంది.

ఇంతకంటే పెద్ద దెబ్బ సాయంత్రాలది. పొట్టి స్టూలు మిషను పక్క నుంచి వంటింట్లోకి మారిపోయింది. మరదలు దుకాణం నుంచి రాగానే చిన్న బుడ్డి తీసి అత్తగారి ఎదురుగా కూర్చునేది. మిషనక్క మిషను ఆపేది కాదు. కుట్టాల్సిన గుడ్డ లేకపోతే ఉత్త చింకిపాత పెట్టి అయినా చక్రం తిప్పేది. ఆ చప్పుడులో వాళ్ళ నవ్వులు వినబడకూడదని. పాము చెవులాయె, వినబడేవి.

ఆమె కడుపులో మంట మాటల్లో బయటపడేది. "ఇది ఇల్లా, సబ్బుల ఫ్యాక్టరీనా? అన్నం కూడా పూలవాసనేస్తోంది," అనేది. దానికి మరదలు ఉడుక్కున్నా బాగుండేది. "అవును వదినా, మా ఇంట్లో అయితే పిల్లి కూడా పూలవాసనేసేది," అని నవ్వేసేది. అలాంటి మనిషితో ఎలా దెబ్బలాడతారు?

ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "ఏం కలుపుతావేంటి అందులో?"

"బాదం నూనె వదినా. అందులో లావెండరు తైలం చుక్కలు. అంతే. రండి, నేర్పిస్తాను, రెండు నిమిషాల పని."

"నాకు బోలెడు పనుంది," అంది మిషనక్క.

నేర్పిస్తానంటే నేర్చుకోవచ్చు కదా అని మనం అనుకుంటాం. కానీ అప్పుడు అది మరదలు పెట్టిన భిక్ష అవుతుంది. పైగా ఆ 'అంతే' అన్న మాట ఆమె నమ్మలేదు. నూనె ఆమె కూడా రాసింది. కాసిన్ని పూలవాసన చుక్కలకు పద్దెనిమిదేళ్ళ పగుళ్ళు మూసుకుంటాయా? ఏదో దాస్తోంది. ఆ దాచినదేదో పట్టుకుంటే తనే చేసి రాయవచ్చు. స్టూలు మళ్ళీ మిషను పక్కకు వస్తుంది. తల భుజం మీదికి వస్తుంది. ఆమెకు కావలసింది అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం మరదలు వంటింట్లో కొత్త బుడ్డి కలుపుతోంది. మిషనక్క చక్రం మీద చెయ్యి ఆనించి చెవులు రిక్కించింది. లోపల నుంచి మెల్లగా లెక్క వినబడింది.

"నాలుగు... ఐదు... ఆరు..." కాస్త ఆగి, "ఆరున్నొక్కటి."

మూత బిగించిన చప్పుడు.

మిషనక్క చక్రం మీది చెయ్యి తీసేసింది. ఆరు, ఆపైన ఇంకొకటి! ఏడు చుక్కలే అయితే ఏడు అనే అంటుంది కదా. ఎవరైనా అలాగే అంటారు. అంటే ఆరు లావెండరువి, ఆ ఒక్కటీ వేరే దానిది. దొరికింది దొంగ!

ఆ ఒక్కటి ఏదో వెతకడం కష్టం కాలేదు. పై అరలో, మిగతా బుడ్లకు ఎడంగా, మూలన ఒక బుడ్డి ఉంది. మెడకు ఎర్ర దారం. ఆ దారం మిషనక్కదే. కిందటి నెల మరదలు వచ్చి, "వదినా, ఒక జానెడు ఎర్ర దారం ఇస్తారా?" అని అడిగి తీసుకెళ్ళింది. ఎందుకని అప్పుడు అడగలేదు. ఇప్పుడు తెలిసిపోయింది. విలువైనది కాకపోతే దారం ఎందుకు కడుతుంది, ఎడంగా ఎందుకు పెడుతుంది? మూత తీస్తే దాల్చిన చెక్క ఘాటు ముక్కుపుటాలు అదరగొట్టింది. అసలు మందంటే ఇలా ఉండాలి అనుకుంది.

మర్నాడు తమ్ముడూ మరదలూ పనులకు వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి కలిపింది. ఖాళీ బుడ్డిలో బాదం నూనె పోసింది. లావెండరు ఆరు చుక్కలు వేసింది. లావెండరు బుడ్డి మూతి దగ్గర, వంచితే చుక్క చుక్కగా పడేలా చిన్న బిళ్ళ ఉంది. ఎర్రదారం బుడ్డికి ఆ బిళ్ళ లేదు. చుక్కలు పడని దాన్ని ఒకటి అంటే, ఒక మూతే మరి. నిండుగా ఒక మూత పోసింది.

"అమ్మా, ఇలా రా. కూర్చో," అని స్టూలు మిషను పక్కన వేసింది.

"ఇప్పుడేంటే? సాయంత్రం కోడలు రాస్తుందిగా."

"కోడలు రాస్తేనే రాసినట్టా? నా చేతులేం పడిపోయాయా?"

తల్లి వచ్చి కూర్చుంది. మిషనక్క రాయడం మొదలుపెట్టింది. బొటనవేలి మొదట్లో ముందు, తరవాత ఒక్కొక్క వేలు, తరవాత మణికట్టు. చేతులు దేన్నీ మరిచిపోలేదు. కాసేపటికి తన అరచేతుల్లో చురుక్కుమంది. మందు పని చేస్తోందనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దింది.

తల్లి కళ్ళు మూసుకుంది. కానీ తల వాలలేదు. పెదవి బిగపట్టి ఉంది.

"ఎలా ఉందమ్మా?"

"బాగుందే. వెచ్చగా ఉంది."

"కోడలిదాని కంటేనా?"

తల్లి కళ్ళు తెరిచి కూతురి ముఖం చూసింది. "ఊఁ, దానికంటే," అంది. అని, రెండు చేతులూ తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. మిషనక్కకు ఆ రోజు కుట్టిన కుట్టల్లా తీరుగా పడినట్టే అనిపించింది. అరచేతులు మండుతున్నా పాటలాంటిదేదో గొణుక్కుంటూనే కుట్టింది. చొక్కా కాలరు రెండుసార్లు తిరగేసి కుట్టి కూడా నవ్వుకుంది.

సాయంత్రం మరదలు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే గాలి పీల్చింది.

"ఇంట్లో చీమలొచ్చాయా వదినా?"

"చీమలా? లేవే!"

"మరి చీమల తైలం వాసనేస్తోంది? దాల్చిన చెక్కది. అలమర మూలలకు రాద్దామని పెట్టుకున్నా. ఒంటికి తగిలితే కాలుస్తుందని ఎర్ర దారం కూడా కట్టాను, మీరే ఇచ్చారుగా దారం."

మిషనక్క ఒక్క అంగలో మంచం దగ్గరికి వెళ్ళి తువ్వాలు లాగింది. తల్లి చేతులు మణికట్ల దాకా కందిపోయి, వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. మానిన చోటల్లా మళ్ళీ ఎర్రగా.

"అమ్మా! చెప్పొచ్చుగా!" అంటూ కుండలో నీళ్ళకోసం పరిగెత్తింది.

"నీళ్ళొద్దు వదినా! వట్టి నూనె, వట్టి నూనె తెండి!" అని మరదలు అరిచింది. ఉత్త బాదం నూనెలో గుడ్డ ముంచి అత్తగారి చేతులు మెల్లగా తుడిచింది, మళ్ళీ ముంచి మళ్ళీ తుడిచింది. తరవాతే సబ్బునీళ్ళతో కడిగింది. "తైలం ఎప్పుడూ ఒంటికి తిన్నగా తగలకూడదు. నూనె తోడుండాలి, అదీ లెక్కగా. ఇదైతే నూనెలో కలిపినా పనికిరాదు. ఎంత వేశారు?"

"ఒకటి," అంది మిషనక్క నీళ్ళు నములుతూ. "నువ్వే అన్నావుగా. ఆరు, ఆపైన ఒకటని."

మరదలు చేతిలో గుడ్డ ఆగిపోయింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం పెట్టింది.

"అది ఏడు వదినా! మా నాన్న మందు కలిపేటప్పుడు ఏడు అననివ్వడు. మందు ముందు కూర్చుని ఏడు ఏడు అంటే జబ్బుమనిషి నిజంగానే ఏడుస్తాడని. ఆరున్నొక్కటి అనే అలవాటయిపోయింది మాకు."

చిన్నప్పుడు మిషనక్క ఏడుపు లంకించుకున్నప్పుడల్లా, 'ఇదిగో, ఆరున్నొక్క రాగం మొదలెట్టింది' అని తల్లి విసుక్కునేది. రోజూ విన్న మాటే. అది ఏడుపని తెలుసు గానీ, ఏడని తోచనేలేదు.

మంచం మీద నుంచి తల్లి అంది, "ఏమే, కన్నతల్లి నీకు చీమలా కనబడిందా?"

మరదలు ఫక్కున నవ్వింది. మిషనక్క నవ్వలేదు. ఆరున్నొక్క రాగమే అందుకుంది.

అప్పుడు మరదలు ఆమె అరచేతులు కూడా చూసింది. అవీ కందే ఉన్నాయి. వద్దన్నా వినకుండా పట్టుకుని నూనె గుడ్డతో తుడవసాగింది. మరదలి చేతులు మెత్తగా, చల్లగా ఉన్నాయి. అంత హాయిగా ఉండటం మిషనక్కకు నచ్చలేదు.

"మీకు నేనంటే కుళ్ళని తెలుసు వదినా," అంది మరదలు గొంతు తగ్గించి.

"నాకేం కుళ్ళు?"

"పోనీ నాకుంది. నేను రాసినంతసేపూ అత్తయ్య డాక్టరు ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటుంది. వీధిలో కబుర్లన్నీ చెప్తుంది. నన్ను నవ్వించాలని చూస్తుంది, పాపం. ఒక్కరోజు కూడా కన్ను మూయలేదు. మీరు రాస్తుంటే నిద్రపోయేదటగా, భుజం మీద తల పెట్టుకుని. మీ తమ్ముడు చెప్పారు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకెంత మండిపోయిందో తెలుసా?"

మిషనక్క పైకి ముఖం గంటుపెట్టుకునే ఉంది. కానీ ఆ 'మండిపోయింది' అన్న మాట మాత్రం వెన్నపూసలా గొంతులోకి జారింది. ఇంకొక్కసారి చెప్పమని అడగాలనిపించింది.

తల్లి చేతులు చల్లబడటానికి ఎనిమిది రోజులు పట్టింది. తొమ్మిదో రోజు సాయంత్రం మరదలు బాదం నూనె బుడ్డి, లావెండరు బుడ్డి తెచ్చి మిషను బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. చుక్కలు మిషనక్కే వేసింది. ఐదు అంది, ఆరు అంది. ఏడు అనబోయి మింగేసి, "ఆరున్నొక్కటి" అంది.

స్టూలు మిషను పక్కనే ఉంది. బొటనవేలి మొదలు, ఒక్కొక్క వేలు, మణికట్టు. రెండో చెయ్యి అందుకునేలోపే తల్లి తల వచ్చి భుజం మీద వాలింది. సన్నగా గురక కూడా మొదలయింది.

మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి, తుడిచిన బుడ్డినే మళ్ళీ తుడుస్తోంది. మిషనక్క అటు చూడలేదు. చూడకుండానే తెలుస్తోంది ఆమెకు. పది నిమిషాల పని. ఆ రోజు మాత్రం చెయ్యి కాస్త నిదానం చేసింది. మరదలు బాగా చూసేదాకా రాస్తూనే ఉంది.